మనిషంటే మూడు డబ్బాలు

రోడ్ల శాఖలో నా ఉద్యోగమంతా కొలతలతోనే గడిచింది. కంకర గుట్టలు కొలిచాను, మొరం కుప్పలు కొలిచాను, కూలీలు తవ్విన గుంతల్లోకి దిగి లోతులు కొలిచాను. ఇవన్నీ కొలిచినందుకు జీతమిచ్చారు. మనుషులను కొలిచినందుకు మాత్రం తిట్లు పెట్టారు. విచిత్రమేమిటంటే, నా సర్వీసు మొత్తంలో నేను కాలరెగరేసి చెప్పుకోదగ్గ పని ఆ తిట్లు తిన్న పనే. మొన్న మిర్యాలగూడలో మా ఇంటికి కొత్తగా ఉద్యోగాల్లో చేరిన ఇంజనీరు పిల్లలు కొందరొచ్చారు. "పాపం, మీ కాలంలో మిషన్లూ అవీ లేకుండా ఎలా నెట్టుకొచ్చారు తాతగారూ" అని ఎంతో జాలిగా అడిగారు. ఆ జాలి చూసి నాకు చిర్రెత్తుకొచ్చింది. వాళ్లకు అప్పుడు కాఫీ ఇచ్చి పంపాను, జవాబు ఇప్పుడు రాస్తున్నాను.

అప్పటికి నిజాం రాజ్యం మీద సైనిక చర్య జరిగి ఏడాది తిరగలేదు. సూర్యాపేట నుంచి కోదాడ పోయే రోడ్డు నిండా గుంతలే. తూములు కూలిపోయి, కల్వర్టులు దెబ్బతిని ఉండేవి. బస్సెక్కినవాళ్లు సగం దారి దిగి తోసుకుంటూ పోయేవాళ్లు. ఆ రోడ్డు బాగుచేయడానికి కోదాడ బయట డేరాలు వేసి మా క్యాంపు పెట్టారు. నేను సూర్యాపేట వాణ్ని, ఉద్యోగానికి కొత్త, పేరుకు చిన్న ఓవర్‌సీర్‌ని. ఒంటి మీద పిడికెడు కండ ఉండేది కాదు. గాలి గట్టిగా వీస్తే నా టోపీ కంటే ముందు నన్ను పట్టుకునేవాళ్లు.

నా పైన పెద్ద ఓవర్‌సీరు గారు ఉండేవారు. కృష్ణా జిల్లా నుంచి వచ్చిన మనిషి. ఖాకీ నిక్కరు ఇస్త్రీ మడత నలగకుండా ఎండలో రోజంతా నిలబడగలిగేవారు. పని దొంగ కాదు, మనసు చెడ్డదీ కాదు. ఆయనకున్న జబ్బల్లా ఒకటే, ఏ పని మొదలుపెట్టినా పైవాళ్లు ఏమంటారో అని ముందే హడలిపోయేవారు. ఆ భయమంతా మా మీద కేకలై కురిసేది.

గ్యాంగును నడిపే మేస్త్రి పెన్‌పహాడ్ మనిషి. ఎత్తుకు ఎత్తు, లావుకు లావు. ఆయన నవ్వితే నోటికంటే ముందు పొట్ట నవ్వేది. రోలర్ డ్రైవర్‌ను అందరూ సాబ్ అని పిలిచేవాళ్లం. కట్టెపుల్లలా సన్నగా, పొడుగ్గా ఉండేవాడు. చిన్నప్పటి నుంచీ బావుల్లో, వాగుల్లో ఈత కొట్టి పెరిగినవాడు. తన రోలర్‌ను కన్నబిడ్డకంటే గారాబంగా చూసుకునేవాడు. మేస్త్రికీ ఆయనకూ ఒక్క క్షణం పడేది కాదు, ఒకరు లేకపోతే ఇంకొకరికి తోచేదీ కాదు.

ఆ రోలర్ ఆవిరితో నడిచేది కాబట్టి దానికి ఎప్పుడూ నీళ్లు కావాలి. రెండు పెద్ద ఇనుప పీపాలు ఎడ్లబండి మీద పెట్టి, దూరంగా ఉన్న బావి నుంచి నీళ్లు తెచ్చేవాళ్లం. వాటికి పైన చిన్న మూతి, దానికి గట్టి బిరడా ఉండేవి. మూత కోసేసిన పాత పీపా ఇంకొకటి డేరా నీడలో నిలబెట్టి, అందులో నీళ్లు నిల్వ చేసుకునేవాళ్లం. నీళ్లు తోడడానికీ పోయడానికీ కిరసనాయిలు డబ్బాలు వాడేవాళ్లం. అప్పట్లో ఏ ఊళ్లో చూసినా, ఏ ఇంట్లో చూసినా అవే చదరపు డబ్బాలు, ఇప్పటి లెక్కలో ఒక్కోటి పద్దెనిమిది లీటర్లు పట్టేది.

రోహిణి ఎండలు మండుతున్న ఒక మధ్యాహ్నం, మా మేస్త్రి ఎవరూ చూడటం లేదనుకుని ఆ మూత లేని పీపాలో దిగి గొంతుక్కూచున్నాడు. నీళ్లు నాలుగు వైపులా పొర్లిపోయాయి. సాబ్ చూశాడు.

"అరె మేస్త్రీ! పాగల్ అయినవా? గవి నా ఇంజన్ తాగే నీళ్లు! మూడు నాలుగు డబ్బాలు ఖతం జేస్తివి గదా!"

"మూడు నాలుగా? జర సూసి మాట్లాడు సాబూ. ఒక్క డబ్బా పోయిందేమో. నేనేమన్న ఏనుగునా?"

"ఏనుగు నయం. ఏనుగు అడిగి దిగుతది."

వాళ్లిద్దరూ డబ్బాల లెక్క మీద అరుచుకుంటుంటే నాకు కొలిచే బుద్ధి పుట్టింది. అలవాటైన చెయ్యి ఊరుకోదు కదా. మేస్త్రిని బయటికి రమ్మన్నాను. నీళ్లు పొర్లకుండా పీపాను కాస్త వెలితిగా ఉంచి, నీళ్ల మట్టం దగ్గర సుద్దముక్కతో గీత గీశాను. మళ్లీ దిగి గడ్డం దాకా మునగమన్నాను. నీళ్లు ఎంత పైకొచ్చాయో అక్కడ ఇంకో గీత గీశాను. ఆయన పైకి లేచాక, కింది గీత నుంచి పై గీత దాకా డబ్బాలతో నీళ్లు పోయించాను. నాలుగు డబ్బాలు పట్టాయి. సాబ్ రోలర్ చుట్టూ తిరిగి గంతులేశాడు.

తర్వాత మేస్త్రిని ముక్కు మూసుకుని తల కూడా ముంచమన్నాను. తల మునిగినప్పుడు నీళ్లు పైకి లేచింది చాలా కొంచెం. పోసి చూస్తే పావు డబ్బా. అంత పెద్ద మనిషికి తలకాయ పావు డబ్బాయేనా అని మేస్త్రి చిన్నబుచ్చుకున్నాడు.

"అందుకే నీకు ఎంత చెప్పినా ఎక్కదు. జాగా లేదు లోపల" అన్నాడు సాబ్. అని ఊరుకోకుండా, నీళ్లలో ఉన్న మేస్త్రి గడ్డం కింద చెయ్యి పెట్టి ఎత్తి చూశాడు. మేస్త్రి తేలిగ్గా పైకి లేచాడు. సాబ్ కళ్లు పెద్దవయ్యాయి. "అరె! ఏం బరువు లేడు వీడు!"

అక్కడి నుంచి నాకు పిచ్చి పట్టింది. మధ్యాహ్నం తిండి విరామంలో గ్యాంగులో ఒప్పుకున్నవాళ్లనల్లా పీపాలో దింపి కొలిచాను. కూలి చేసుకునే మనుషులు, ఎవరి ఒంట్లో కొవ్వుంది గనక, మూడు డబ్బాలకు అటూ ఇటూగా వచ్చారు. నేను రెండున్నర. తల మాత్రం ఎవరిదైనా పావు డబ్బాయే. ఒకనాడు మేస్త్రిని కోదాడ అంగట్లో మిరపకాయల బస్తాలు తూచే పెద్ద కాంటా దగ్గరికి తీసుకుపోయి ఒక పళ్లెంలో కూచోబెట్టి, రెండో పళ్లెంలో నాలుగు డబ్బాల నీళ్లు, తల కోసం ఇంకో పావు డబ్బా పెట్టించాను. ముల్లు దాదాపు మధ్యకొచ్చి నిలిచింది. అంటే మనిషి నీళ్లలో ఎంత చోటు ఆక్రమిస్తాడో అంత నీటి బరువే మనిషి బరువు. మునిగిన ఒంటిని నీళ్లే మోస్తాయి. బయట ఉన్న తలకాయను మోస్తే చాలు. ఇది పుస్తకంలో చదివి పరీక్ష రాసి పాసయినవాణ్నే నేను, కానీ మేస్త్రి పళ్లెంలో కాళ్లు ముడుచుకుని కూచుని దిక్కులు చూస్తుంటే గానీ నాకు నిజంగా అర్థం కాలేదు.

ఈ సంగతి పెద్ద ఓవర్‌సీరు గారికి తెలిసింది. ఆయన వచ్చేసరికి పీపాలో మనిషి ఉన్నాడు, నా చేతిలో సుద్దముక్క ఉంది.

"ఏవిటయ్యా ఇది? కంకర కొలవమంటే మనుషుల్ని కొలుస్తున్నావా? రేపు పైవాళ్లు తనిఖీకొచ్చి అడిగితే ఏం చెప్పమంటావ్? మావాడు కూలీల్ని పీపాలో నానబెడుతున్నాడండీ అని చెప్పనా?"

ఆయనే ముందుకొచ్చి ఆ పీపాను బోర్లించేశారు. నేను తలవంచుకుని నిలబడ్డాను. చెవులు ఎర్రబడ్డాయి, కోపం కూడా వచ్చింది. క్యాంపులో అందరూ నన్ను డబ్బాల సారు అని పిలవడం మొదలుపెట్టారు, వెనక కాదు, మొహం మీదే.

ఆ పేరును ఊళ్లకు కూడా మోసింది మేస్త్రి అత్తగారు. నాట్ల కాలం రాగానే ఆమె పెన్‌పహాడ్ నుంచి ఆడకూలీల ముఠా కట్టుకుని చిలుకూరు వైపు పొలాలకు వచ్చింది. మేస్త్రి భార్య కూడా తల్లితోపాటు నాట్లకే పోయేది. అత్తగారు ముసలిదే గానీ గొంతు ముసలిది కాదు. పీపా కథ విన్న రోజున మా డేరాల మధ్య నిలబడి అల్లుణ్ని కడిగేసింది.

"ఏమయ్యా అల్లుడా! తాగనీకె గుక్కెడు నీళ్లు లేక మేం సస్తుంటె, నువ్వు గీడ పొట్ట నానబెట్టుకుంటున్నవా? గా సారుకు బుద్ధి లేదు, నీకు సిగ్గు లేదు."

మేస్త్రి "అత్తా, జర మెల్లగ" అని బతిమాలాడు. ఆమె నా వైపు ఒక చూపు చూసి, నా ఒళ్లు పైనుంచి కిందికి కొలిచి, ముక్కు విరుచుకుని పోయింది. ఆ చూపుకు డబ్బాలూ సుద్దముక్కా అక్కర్లేదు.

వానలు ముదిరాక మా క్యాంపు చిలుకూరు పోయే దారిలో, ఒక వాగు పక్కకు మారింది. ఎండాకాలం మేకలు దాటే వాగు అది. ఆ రోజు పొద్దున ఆడకూలీలు మోకాలి లోతు నీళ్లలో నవ్వుకుంటూ దాటి అవతలి పొలాలకు పోవడం నేనే చూశాను. మధ్యాహ్నానికి పైన ఎక్కడో వాన దంచికొట్టింది. పై చెరువు అలుగు పడిందని మేకల కాపరి ఒకడు పరుగెత్తుకొచ్చి చెప్పాడు. చెప్పినవాడు అక్కడితో ఆగలేదు.

"నాట్లేసెటోళ్లు తిరిగొస్తుంటె నడుమల వరద తగిలింది సారూ. వాగు నడుమ దిబ్బ మీద చిక్కుకున్నరు. అందరు ఆడోళ్లే."

మేస్త్రి చేతిలో పార అక్కడే పడిపోయింది. మేం ఒడ్డుకు పరుగెత్తేసరికి ఎర్రటి నీళ్లు ఒడ్డులు ఒరుసుకుంటూ పోతున్నాయి. మధ్యలో నాలుగు తుమ్మచెట్లున్న దిబ్బ, దాని మీద ఒకరినొకరు పట్టుకుని ఆడవాళ్లు. ఇరవై మందికి తక్కువ ఉండరు. వాళ్లలో మేస్త్రి భార్య ఉంది, అత్తగారు ఉంది, నాట్లు చూసుకోవడానికి వచ్చిన పొలం యజమాని ఇల్లాలు కూడా ఉంది. ఒకామె చంకలో పసిబిడ్డ. మేం చూస్తుండగానే దిబ్బ అంచు ఒకటి విరిగి నీళ్లలో కలిసిపోయింది. చీకటి పడేదాకా ఆ దిబ్బ ఆగదని చూసినవాళ్లందరికీ తెలిసిపోయింది. మేస్త్రి తన భార్యను పేరు పెట్టి పిలుస్తూ అరుస్తుంటే వరద హోరులో ఆ పిలుపు అవతలికి పోవడం లేదు.

పెద్ద ఓవర్‌సీరు గారు అప్పటికే సూర్యాపేటకు కబురు పంపారు. కానీ కృష్ణ ఒడ్డు నుంచి పడవ తెప్పించాలంటే మర్నాటి మాట. ఉన్నవి రెండు నీళ్ల పీపాలు, రోలర్ బురదలో దిగబడితే లాగడానికి వాడే పొడవాటి మోకు, ఇరవై ముప్పై మంది గ్యాంగు మనుషులు. పీపాలు ఖాళీ చేసి, బిరడాలకు గుడ్డ చుట్టి డాంబర్ పూసి బిగించి, రెండింటినీ వెదురు గడలతో కలిపి కట్టాం. ఇక్కడిదాకా ఎవరికీ గొడవ లేదు. మోకు ఒక కొస రోలర్‌కు కట్టాలని సాబ్ అన్నాడు. రోలర్ వాగు ఒడ్డునే, దిబ్బకు ఎగువన ఉంది. దాన్ని కదిలించే వరద ఇంకా పుట్టలేదన్నాడు. రెండో కొస పీపాలకు కడితే, దిబ్బ దగ్గర వదిలిన పీపాలను వరదే మా ఒడ్డుకు తోసుకొస్తుంది.

అసలు గొడవ ఎంతమందిని ఎక్కించాలన్న దగ్గర వచ్చింది. పెద్ద ఓవర్‌సీరు గారు వేళ్ల మీద లెక్కపెట్టారు.

"ఒక్కో పీపా మీద ముగ్గురు. రెంటి మీదా కలిపి ఆరుగురు. నాలుగు సార్లు తిప్పాలి."

ఆయన లెక్కలో తప్పు లేదు. ఒక్కో పీపా పది డబ్బాల బరువు మోస్తుంది, పైన కూచునే మనిషి మూడు డబ్బాలు. కానీ ఒక్కసారి ఆ వరదకు అడ్డంపడి దిబ్బ చేరడమే గండం. నాలుగు సార్లు చేరే లోపు దిబ్బ ఉండదు.

"పైన ఎవరినీ కూచోబెట్టొద్దు సార్" అన్నాను. "చుట్టూ తాళ్లు ఉచ్చులుగా కడదాం. అందరూ మెడదాకా నీళ్లలోనే ఉండి ఉచ్చులు పట్టుకోవాలి. అప్పుడు ఒక్కొక్కరూ పావు డబ్బాయే. ఇరవై తలకాయలు కలిపితే ఐదు డబ్బాలు. ఒక్కసారే అందరినీ తెచ్చేయొచ్చు."

ఆయన నా మొహంలోకి చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. "మళ్లీ ఆ పీపా లెక్కేనా? వరదలో ఆడవాళ్లని నీళ్లలో వేలాడదీస్తానంటావా! ఏమన్నా అయితే పైవాళ్లకు నేను..." అని ఆగిపోయారు. పైవాళ్ల మాట ఆ క్షణాన ఆయనకే వినబుద్ధి కాలేదనుకుంటాను.

 ఒడ్డు పక్కన వరద తగలని మడుగులో పీపాలు దింపి, గ్యాంగులో పన్నెండు మందిని మెడదాకా దిగి వేలాడమన్నాను. పీపాలు బెత్తెడు కూడా మునగలేదు. పెద్ద ఓవర్‌సీరు గారు వంగి చూశారు, పీపా మీద చెయ్యి పెట్టి నొక్కి చూశారు. లేచి టోపీ తీసి చంకలో పెట్టుకున్నారు.

"వెళ్లండి" అన్నారు. "మోకు నేను పట్టుకుంటాను."

సాబ్, నేను బయల్దేరుతుంటే మేస్త్రి వచ్చి పీపా పట్టుకున్నాడు. ఆయనకు ఈత రాదు. "నువ్వొస్తే నీ బరువుకే మునుగుద్దయ్యా" అని పెద్ద ఓవర్‌సీరు గారు వారించారు. మేస్త్రి నా వైపు తిరిగాడు.

"సారూ, నేనెన్ని డబ్బాలు?"

"నీళ్లలోనా? పావు."

"ఇనిర్రా? పావు డబ్బా మనిషిని ఆపకుర్రి" అని మెడదాకా దిగాడు.

ఎగువ నుంచి వాగులోకి దిగి, సాబ్ ముందు ఈదుతూ లాగుతుంటే, మేం గడకర్రలతో తోసుకుంటూ, ఒడ్డున గ్యాంగు మోకు వదులుతుంటే, వరద మమ్మల్ని ఎత్తి తీసుకుపోయి దిబ్బకు కొట్టింది. తుమ్మకొమ్మలు పట్టుకుని ఆగాం. మేస్త్రి భార్య ఆయన మెడ పట్టుకుని ఏడ్చింది. అత్తగారు ఏడవలేదు.

"వచ్చినవా" అంది అల్లుడితో. తర్వాత పీపాల వైపు చూసి, "ముసలిదాన్ని, ఎక్కితే నేనే ఎక్కాలె" అంది.

"ఎవ్వరు ఎక్కొద్దు అత్తా. నీళ్లల్నే ఉండాలె. నన్ను సూడు, గింత లావు మనిషిని, ఒక్క చేత్తో పట్టుకుంటె తేల్తున్న. ఈత సుత రాదు నాకు." మేస్త్రి నీళ్లలో దిగి, వేలాడి చూపించాడు. ఆ పొట్టమనిషి తల మాత్రం బయట పెట్టుకుని తేలుతుంటే ఆడవాళ్ల మొహాల్లో భయం కాస్త తగ్గింది. నేను ఎంత లెక్క చెప్పినా జరగని పని అది.

పసిబిడ్డ ఒక్కదాన్నే తట్టలో పెట్టి పీపాల మధ్య పైన కట్టాం. పొలం యజమాని ఇల్లాలు మొదట కొంగు సవరించుకుంటూ వెనకాడింది. కూలీలతో భుజం భుజం రాసుకుని నీళ్లలో నిలబడటం ఆమెకు అలవాటు లేదు. మేస్త్రి భార్య ఆమె చెయ్యి పట్టుకుని తన పక్క ఉచ్చులోకి లాక్కుంది. నీళ్లలో ఆమె తలా పావు డబ్బాయే.

అందరూ దిగారు. తుమ్మకొమ్మ వదలబోతూ పీపాల వైపు చూశాను. పీపాలు వీపులు కూడా కనపడకుండా మునిగి ఉన్నాయి. నా లెక్క ప్రకారం పావు వంతు మునగాలి. బిరడా ఊడిందేమోనని తడిమాను, ఊడలేదు. ఎక్కడ తప్పాను? దిబ్బ అంచు ఇంకో ముక్క విరిగి పడింది. అప్పుడు తలలు చూశాను. ప్రతి కూలి తల మీదా ఒక మూట ఉంది.

ఆ రోజు నాట్ల కూలి వడ్లు అవి. వాగు దాటేటప్పుడు మా వైపు ఏ ఆడమనిషైనా మూటను నెత్తిన పెట్టుకుంటుంది, ఎవరూ చెప్పనక్కర్లేదు. వడ్లు తడవకూడదు. ఒక్కో మూట తలకు రెండింతల బరువు. మూట పట్టుకోవడానికి ఎత్తిన చెయ్యి నీళ్ల బయట, దానితోపాటు భుజం బయట. నేను మనుషుల్ని కొలిచాను గానీ వాళ్ల కూలిని కొలవలేదు.

"మూటలు దించండమ్మా! నీళ్లలోకి దించండి!"

"దించితె తడుస్తయ్!" అంది అత్తగారు. "తడిస్తె మొలకొస్తయ్. పొద్దంత నడుము వంచింది నీళ్లల్ల కలపనీకెనా?"

సాబ్ గొంతు చించుకున్నాడు. "అమ్మా, పారేయమంటలేడు! నీళ్లల్లకు దించుమంటున్నడు! పీపాకు కట్టు, నీతోనే వస్తయ్!"

ఆమె నన్ను చూసింది. అదే చూపు, క్యాంపులో నన్ను కొలిచిన చూపు. "సారూ, కింద కడితె మునుగది అంటవా?"

"మునగదమ్మా. నీళ్లలో ఉన్నదాన్ని నీళ్లే మోస్తాయి. నా మీద ఒట్టు."

 ఆమె తన మూట దించి, తాడుకు ముడివేసి నీళ్లలోకి వదిలింది. వెనక్కి తిరిగి ముఠా మొత్తానికి వినపడేలా కేకేసింది.

"కట్టుర్రి పిల్లలూ! తడిస్తె తడవనియ్యి. రేపు పొద్దుగాల్నే ఉడకబెట్టి ఎండేసుకుందాం. ఉప్పుడు బియ్యం అయితయ్!"

ఒక్కొక్క మూటా నీళ్లలోకి దిగింది. చేతులు దిగాయి, భుజాలు దిగాయి. పీపాల వీపులు మెల్లగా పైకి లేచాయి. ఆ లేవడం ఇప్పుడు తల్చుకున్నా ఒళ్లు పులకరిస్తుంది. కొమ్మ వదిలేశాను. మోకు బిగిసింది, వరద మమ్మల్ని పక్కకు తోయడం మొదలుపెట్టింది. ఆడవాళ్లు కళ్లు మూసుకుని దేవుళ్లను పిలుచుకుంటున్నారు, కొందరు యేసయ్యనూ కొందరు ఎల్లమ్మనూ. నేను అందరినీ పిలిచాను. పైన తట్టలో పసిబిడ్డ ఏడుస్తూనే ఉంది, ఆ ఏడుపు వింటున్నంతసేపూ నాకు ధైర్యంగా ఉంది.

ఒడ్డు దగ్గర పడుతుంటే, ఇస్త్రీ నిక్కరుతో నడుముదాకా బురదనీళ్లలో దిగి చేతులు చాచి నిలబడ్డ మనిషి కనిపించాడు. మా పెద్ద ఓవర్‌సీరు గారే. మొదట తట్ట అందుకున్నారు. తర్వాత ఒక్కొక్కరినీ చెయ్యి పట్టి లాగుతూ, ఎంతమంది వచ్చారో పైకి లెక్కపెడుతూ, మధ్యలో లెక్క తప్పి మళ్లీ మొదట్నుంచి మొదలుపెడుతూ నిలబడ్డారు. ఎవరూ తప్పిపోలేదు. ఒక్క మూట కూడా పోలేదు. ఆఖరి మనిషి ఒడ్డెక్కాక గ్యాంగు వేసిన కేక చిలుకూరు దాకా వినబడిందని తర్వాత చెప్పుకున్నారు. నేను బురదలోనే కూలబడి నవ్వాను, పక్కన సాబ్, మేస్త్రి ఒకరి మెడ మీద ఒకరు చేతులేసుకుని ఏడ్చారు. మేం వెనక్కి తిరిగి చూసేసరికి దిబ్బ మీద తుమ్మచెట్ల తలలు మాత్రం నీళ్లపైన ఊగుతున్నాయి.

వరద తగ్గాక ఒక మధ్యాహ్నం పెద్ద ఓవర్‌సీరు గారు మా డేరా వైపు వచ్చారు. బోర్లించిన పాత పీపాను తన చేత్తోనే లేపి నిలబెట్టారు. అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి, "సుద్దముక్క ఉందా?" అన్నారు. చొక్కా విప్పి, నిక్కరుతోనే పీపాలో దిగారు. డబ్బాలు పోసింది మేస్త్రి, గీత గీసింది సాబ్.

"ఎంతొచ్చిందయ్యా?" అన్నారు లోపలి నుంచి.

"మూడు సారూ!" అన్నాడు మేస్త్రి పొంగిపోతూ. "మా గ్యాంగోళ్ల లెక్కనే! మూడు డబ్బాలే!"

"మూడేనా?" అని ఆయన నిజంగానే కాస్త నొచ్చుకున్నారు.

సరిగ్గా అప్పుడే అత్తగారు నెత్తిన గంపతో వచ్చింది, వెనక కూతురు, ముఠాలో సగం మంది. ఆ రోజు నీళ్లలో మాతోపాటు వచ్చిన వడ్లను ఉడకబెట్టి, ఎండబెట్టి, దంచి వండిన ఉప్పుడు బియ్యం అన్నం, చింతకాయ తొక్కు, గిన్నె నిండా పప్పు. పీపాలో ఉన్న పెద్ద ఓవర్‌సీరు గారిని చూసి ఆమె ఆశ్చర్యపోలేదు. "నువ్వు సుత లెవ్వు సారూ, సల్లారుతది" అంది. ఆయన తడి నిక్కరుతోనే వచ్చి అందరి మధ్యా కూచున్నారు. పైవాళ్ల మాట ఆ పూట ఒక్కసారి కూడా ఎత్తలేదు.

ఆమె అందరికీ వడ్డిస్తూ నా దగ్గరికొచ్చి ఆగింది. పైనుంచి కిందికి ఒకసారి చూసి, నేను చాలు చాలంటున్నా వినకుండా మూడు చేతుల అన్నం పెట్టింది.

"తిను కొడుకా. రెండున్నర డబ్బాల పిలగానికి పిల్లనెవ్వరిస్తరు? మూడన్న నింపుకో."

ఆ పూట నేను మూడు నింపుకునే లేచాను.